2013 నాటి డెస్క్‌టాపుకి ఎస్‌ఎస్‌డీ వేస్తే పనికొస్తుందా, లేక సిస్టమే మార్చేయాలా?

గంటస్తంభం_డీటీపీ
సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర్లో నాదో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఇవే నా పని.

సిస్టమ్ 2013లో అసెంబుల్ చేయించింది. ఐ3 3220, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 7. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పాత ఫొటోషాప్. ఇంతకు మించి నాకు అక్కర్లేదు కూడా.

పొద్దున్నే షట్టరెత్తి స్విచ్చి వేస్తాను. ఊడ్చి, ముంగిట్లో నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించి, పక్క కొట్లో టీ తాగి వస్తాను. అప్పటికీ తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మొన్న వాచీ పెట్టి చూశాను. డెస్క్‌టాపు కనబడ్డానికి 4 నిమిషాలు, పేజ్‌మేకర్ తెరుచుకుని చేతికి పని దొరికేసరికి 9 నిమిషాలు. ముహూర్తాల రోజులొచ్చాయంటే ఆ 9 నిమిషాలూ పెళ్ళివారు నా మొహమే చూస్తూ కూర్చుంటారు.

కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకి చూపించాను. "ఈ బోర్డుకి ఎస్‌ఎస్‌డీ పడదు, మొత్తం మార్చేయండి" అన్నాడు. నిజమేనా? పడితే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్కు) వేసి అందులో విండోస్ పెట్టుకుని, పాత డిస్కుని ఫైళ్ళకి ఉంచుకుందామని నా ఆలోచన. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజాం_గుంటడు
సోమవారం, ఉదయం 10:41

అన్నా, ఆ సీపీయూని బొంకుల దిబ్బ దగ్గర ప్రదర్శనకి పెట్టు, టికెట్టు డబ్బులొస్తాయి 😄

జోకులు పక్కన పెడితే, ఎన్‌వీఎమ్‌ఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) పడే కొత్త బోర్డు తీసుకో. అది సెకనుకి 3,500 ఎంబీ చదువుతుంది. నీ హెచ్61లో డిస్కు తగిలించడానికి పాత రకం సాటా 2 పోర్టులే ఉంటాయి. మంచి ఎస్‌ఎస్‌డీ కొన్నా సగం స్పీడే వస్తుంది. దండగ.

నాగావళి_ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:05

గంటస్తంభం గారూ, పడదన్నది తప్పు. సాటా పిన్ను ఉన్న ఏ బోర్డుకైనా 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది. శ్రీకాకుళంలో మా షాపు నుంచి హెచ్61 బోర్డులకే ఎన్నో వేసిచ్చాం. అగ్గిపుల్లల పెట్టెని సాగదీసినట్టుండే ఎన్‌వీఎమ్‌ఈ ముక్క మాత్రం మీ బోర్డుకి వద్దు. దానికి స్లాటూ లేదు, అడాప్టరు పెట్టినా ఆ బయోస్ (స్విచ్చి వేయగానే బోర్డులో ముందు లేచే ప్రోగ్రాము) దాన్నించి బూట్ అవ్వదు.

రాజాం తమ్ముడు చెప్పిన దాంట్లో సగం నిజముంది. సాటా 2 అంటే సెకనుకి 3 గిగాబిట్లు. ప్రతి 8 బిట్లకీ తీగ మీద 10 బిట్లు పంపుతుంది కనక 300 ఎంబీ దగ్గర గోడ, చేతికొచ్చేది 270, 280. సాటా 3 అయితే 550 దాకా వస్తుంది. పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే ఆ తేడా కనబడుతుంది.

కానీ ఆయన బాధ సినిమా కాపీ కాదు కదా. విండోస్ లేచేటప్పుడు డిస్కు నిండా చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కల్ని ఏరుకోవాలి. 7,200 ఆర్‌పీఎం డిస్కులో పళ్ళెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు సూది కిందకి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 పైచిలుకు. అంతకుముందు సూది ఆ గీత మీదకి చేరడానికి మరో 8, 9. ముక్కకి 12, 13 మిల్లీ సెకన్లు వేసుకోండి. సెకనుకి 80 ముక్కలు తేవడం కూడా గగనమే. పప్పు ఒక వీధిలో, ఉప్పు ఇంకో వీధిలో, చింతపండు మూడో వీధిలో కొనుక్కొచ్చి వంట చేసినట్టు ఉంటుంది దాని పని.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. చవకరకం కూడా ఇలాంటి 4 కేబీ ముక్కల్ని సెకనుకి వేలల్లో ఇస్తుంది. అన్నీ కలిపితే 20, 30 ఎంబీ అవుతుంది. హార్డ్ డిస్కులో ఇదే లెక్క 1 ఎంబీ దాటదు. 30 ఎంబీ పోవడానికి 280 ఎంబీ తోవ చాలదా తమ్ముడూ?

రాజాం_గుంటడు
సోమవారం, మధ్యాహ్నం 1:12

సరే, ఒప్పుకున్నా. కానీ ర్యామ్ 4 జీబీ ఏటన్నా, ముందు అది పెంచాలి కదా?

నాగావళి_ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:30

పెంచితే మంచిదే. పాత 4 జీబీ డీడీఆర్3 కర్ర ఒకటి సెకండ్‌హ్యాండులో దొరికితే రెండో స్లాట్లో గుచ్చండి. అయితే విండోస్ 7 అక్కడ 32 బిట్టా 64 బిట్టా చూసుకోవాలి. 32 బిట్టయితే 4 జీబీ మించి వాడుకోలేదు, కొన్నది అలంకారమే.

గంటస్తంభం_డీటీపీ
సోమవారం, సాయంత్రం 4:15

32 బిట్టే 😔 పేజ్‌మేకర్‌కి అదే మేలని అప్పట్లో వేశారు.

ర్యామ్ ఊసు వదిలేశాను. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనేశాను, రెండు వేల పైచిలుకు అయింది. డబ్బా మీద 80 టీబీడబ్ల్యూ అని ఉంది. 80 టీబీ రాశాక పాడైపోతుందనా అర్థం?

నాగావళి_ఒడ్డు
సోమవారం, సాయంత్రం 4:50

అంత రాతకి కంపెనీ పూచీ అని అర్థం. 80 దాటిన రోజే ఆగిపోదు. క్రూషియల్ బీఎక్స్500, కింగ్‌స్టన్ ఏ400 లాంటి 240 జీబీ వాటికి ఆ అంకే ఉంటుంది. రోజుకి 20 జీబీ రాసినా 4,000 రోజులు, పదకొండేళ్ళు. మీరు రోజంతా శుభలేఖలు కొట్టినా 2 జీబీ రాయరు. ఈలోగా మీ బోర్డు కెపాసిటర్లే ముందు ఉబ్బుతాయి.

బొబ్బిలి_వీణ
సోమవారం, రాత్రి 8:02

అందరూ ఎస్‌ఎస్‌డీ గురించే మాట్లాడుతున్నారు. పన్నెండేళ్ళకి పైబడి తిరుగుతున్న ఆ పాత డిస్కు సంగతి ఎవరూ అడగలేదేం?

అన్నయ్యా, ఏ స్క్రూ విప్పకముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, అది తెరిచి చూడండి. నీలం రంగులో "గుడ్" అని ఉందా, పసుపు రంగులో "కాషన్" అని ఉందా? 05, సీ5 అనే వరసల్లో కుడిపక్క చివరి అంకె ఎంత? 9 నిమిషాలు బూట్ అంటే నాకు వయసొక్కటే కారణంలా అనిపించడం లేదు.

గంటస్తంభం_డీటీపీ
మంగళవారం, ఉదయం 10:10

పసుపే అమ్మా. 05 దగ్గర 8, సీ5 దగ్గర 18 అని ఉన్నాయి. చెడ్డదా?

బొబ్బిలి_వీణ
మంగళవారం, ఉదయం 10:25

ఆ అంకెలు పదహారు మూలంగా లెక్కపెట్టేవి. 18 అని కనబడితే మన లెక్కలో 24. అంటే డిస్కు చదవలేక, పక్కన పెట్టి, తర్వాత చూద్దామనుకుంటున్న సెక్టార్లు 24. 05లో ఉన్న 8 ఇప్పటికే పాడైపోయాయని తేల్చి వేరేచోటికి మార్చేసినవి. చదవలేని చోటుకి వచ్చినప్పుడల్లా డిస్కు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మీ చక్రం తిరుగుతూ ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

క్లోనింగు, బూటింగు అన్నీ తర్వాత. ఈ రోజే, ఇప్పుడే, పనుల ఫోల్డరు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యేదాకా చెక్‌డిస్క్ మాత్రం పెట్టకండి, ఎవరు చెప్పినా సరే. ఊపిరాడని డిస్కుని మూల మూలలా తడుముతుంది అది. అలసిపోయిన ఎద్దుకి కాడి వేసినట్టే.

ఇంకో మాట, మీకు రుచించదేమో. ఈ డిస్కుని "ఫైళ్ళకి ఉంచుకుందాం" అనుకున్నారు చూశారా, ఆ ఆలోచన మానుకోండి. విండోస్ పోతే మళ్ళీ వేసుకుంటారు. ఫైళ్ళు పోతే?

గంటస్తంభం_డీటీపీ
మంగళవారం, ఉదయం 10:40

గుండె జారిపోయింది. 2013 నుంచి చేసిన ప్రతి శుభలేఖా డీ డ్రైవులోనే ఉంది. అక్క పెళ్ళికి కొట్టించుకున్నవాళ్ళు చెల్లి పెళ్ళికొచ్చి "అదే మోడలు, పేర్లు మార్చండి" అంటారు. నా వ్యాపారం సగం అదే.

పలాస_జీడి
మంగళవారం, ఉదయం 11:35

బావూ, ఆ మాట ఇంటే నాకు తిత్లీ తుపాను గురుతొచ్చింది. 2018 అక్టోబరు 11, తెల్లారగట్ట మా పలాస దగ్గరే గదా తీరం దాటింది. నాను జీడిపప్పు బట్టీలో లెక్కలు రాస్తాను. ట్యాలీ మొత్తం ఒక్క సీపీయూలోనే ఉండేది, అదేమో నేలమీద. రేకులెగిరిపోయి వాన నీరంతా దాని నెత్తినే పోసీసింది. కరెంటు రోజుల తరబడి లేదు కాబట్టి బతికింది, లేకపోతే స్విచ్చేసి కాల్చీసుందుం. వారం ఎండబెట్టి వేస్తే డిస్కు టిక్కు టిక్కుమంది, అంతే, ఆగిపోనాది. మూడేళ్ళ లెక్కలు. షావుకారు నన్నేటీ అన్లేదు, అదే ఎక్కువ బాధ.

అప్పుట్నుంచి శనివారం శనివారం రెండు కాపీలు తీస్తున్నాను. ఒకటి బట్టీలో, ఒకటి మా ఇంట్లో అటకమీద. నువ్వూ తియ్యి బావూ. తీసినాక ఎస్‌ఎస్‌డీ సంగతి సూడు.

గంటస్తంభం_డీటీపీ
మంగళవారం, రాత్రి 9:30

షాపు సగం పూట మూసేసి కాపీ చేశాను. మొత్తం 78 జీబీ. రెండు ఫైళ్ళు రాలేదు, 2015 నాటి ఏదో ఫ్లెక్సీ తాలూకు బొమ్మలు, పోతే పోయాయి. వీణమ్మా, పలాస అన్నా, మీకు రుణపడి ఉంటాను.

ఇప్పుడు విండోస్ సంగతి. కొత్తగా వేసుకోమంటారా, ఉన్నదున్నట్టు క్లోన్ చేయమంటారా?

నెల్లిమర్ల_మిల్లు
మంగళవారం, రాత్రి 9:48

లినక్స్ మింట్ వేయండి. ఉచితం, తేలిక, వైరస్ గోల లేదు. 4 జీబీలో హాయిగా తిరుగుతుంది. మా మిల్లు లైన్లో మూడు ఇళ్ళలో నేనే వేశాను.

రాజాం_గుంటడు
మంగళవారం, రాత్రి 9:50

వచ్చాడండీ వచ్చాడు 😂

గంటస్తంభం_డీటీపీ
మంగళవారం, రాత్రి 10:02

నెల్లిమర్ల గారూ, అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తాయా? నా పాత ఫైళ్ళేవీ యూనికోడ్ కావు. వేరేచోట తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట బల్లులు పాకినట్టు ఏవో గుర్తులొస్తాయి.

నెల్లిమర్ల_మిల్లు
మంగళవారం, రాత్రి 10:10

అదొక్కటీ కష్టమే. వెనక్కి తీసుకున్నాను. ఇంట్లో పిల్లల కంప్యూటరుకి గుర్తుంచుకోండి.

నాగావళి_ఒడ్డు
బుధవారం, ఉదయం 7:15

మామూలుగా నేను కొత్తగా వేయమనే చెబుతాను. పన్నెండేళ్ళ చెత్తని పెళ్ళిపల్లకీలో ఊరేగించడం ఎందుకు? కానీ మీ విషయంలో క్లోనే మంచిది. ఆ పేజ్‌మేకర్ సెట్టింగులు, ఫాంట్లు, కీబోర్డు లేఅవుటు, పాత ప్రింటరు డ్రైవరు, ఇవన్నీ మళ్ళీ కుదుర్చుకునేసరికి సీజను అయిపోతుంది.

మీ డిస్కు 500, ఎస్‌ఎస్‌డీ 240. డిస్కు మొత్తం ఎత్తి పోస్తే పట్టదు. పోయమనడం లేదు కూడా. సీ డ్రైవు ఎంత?

గంటస్తంభం_డీటీపీ
బుధవారం, ఉదయం 9:20

సీ 100 జీబీ, డీ 180, మిగిలింది ఈ డ్రైవు. సీకి ముందు అక్షరం లేకుండా 100 ఎంబీ ముక్క ఇంకోటి ఉంది, సిస్టమ్ రిజర్వ్‌డ్ అని.

నాగావళి_ఒడ్డు
బుధవారం, ఉదయం 9:55

అప్పటి అసెంబ్లింగు వాళ్ళు ఇలా మూడు ముక్కలు చేసేవాళ్ళు, అది ఇప్పుడు మీకు కలిసొచ్చింది. ఆ 100 ఎంబీ ముక్కా సీ డ్రైవూ, ఈ రెండే ఎస్‌ఎస్‌డీలోకి పోవాలి. 100 ఎంబీ ముక్కని చిన్నదే కదా అని వదిలేస్తే "బూట్‌ఎమ్‌జీఆర్ ఈజ్ మిస్సింగ్" అని నల్ల తెర వస్తుంది. బూట్ అయ్యే తాళంచెవి అందులోనే ఉంది. 240 అంటే విండోస్‌లో 223 అని కనబడుతుంది, మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. రెండూ పోయాక ఇంకా 120 జీబీ పైన మిగులుతుంది. అందులో ఇంకో ముక్క చేసి, దానికి డీ అని అక్షరం పెట్టి, మీ 78 జీబీ పాత ఫోల్డర్ల పేర్లతోనే అందులో పోయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళలో బొమ్మల దారి డీ అనే రాసుంటుంది కదా, లింకులు తెగవు.

క్లోనింగుకి మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ వాడండి. దాని ఉచిత రకం ఆపేశారుగానీ, ఇంతకుముందు దించుకున్నది ఉన్నవాళ్ళకి పనిచేస్తూనే ఉంది. అందులో ఏ ముక్కలు కావాలో టిక్కు పెట్టుకోవచ్చు.

అరసవల్లి_మాస్టారు
బుధవారం, ఉదయం 10:30

నాగావళి వారు తాళంచెవి అన్నారు కనక నా అనుభవం కూడా చెబుతాను. గత వేసవిలో మా ఇంటి కంప్యూటరుకి నేనే ఎస్‌ఎస్‌డీ పెట్టి కొత్తగా విండోస్ 10 వేసుకున్నాను. చక్కగా నడిచింది. రెండు నెలల తర్వాత పాత డిస్కు చప్పుడు చేస్తోందని తీసి పక్కన పెట్టాను. అంతే, బూట్ అవ్వడం మానేసింది! విండోస్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంది, మరి ఎందుకు లేవదని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను.

తీరా చూస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు కూడా తగిలించే ఉంది. విండోస్ వెళ్ళి బూట్ ఫైళ్ళని దాని మీదున్న పాత బూట్ ముక్కలోనే రాసుకుంది. ఇల్లు ఒకచోట, వీధి గుమ్మం ఇంకోచోట! పాత డిస్కు విప్పేసి, పెన్‌డ్రైవ్‌తో స్టార్టప్ రిపేరు మూడుసార్లు నడిపితే దారికొచ్చింది. ఎవరు కొత్తగా వేసుకున్నా పాత డిస్కు కేబులు పీకేసి వేసుకోండి.

గంటస్తంభం_డీటీపీ
బుధవారం, మధ్యాహ్నం 12:10

సీపీయూ విప్పాను. లోపల పావుకిలో దుమ్ము. ఎస్‌ఎంపీఎస్ (కరెంటిచ్చే డబ్బా) నుంచి సాటా పవర్ పిన్నులు రెండే వచ్చాయి, ఒకటి హార్డ్ డిస్కుకి, ఒకటి డీవీడీ రైటరుకి. మోలెక్స్ అనే పాత రకం పవర్ పిన్నుని సాటాగా మార్చే తీగ కొననా?

నాగావళి_ఒడ్డు
బుధవారం, మధ్యాహ్నం 12:25

కొనకండి. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ రకం లోపల తీగలు తాకి కాలిన సందర్భాలున్నాయి. డీవీడీ రైటరుని ఆఖరిసారి ఎప్పుడు వాడారు? దాని డేటా కేబులు, పవర్ పిన్ను రెండూ పీకి ఎస్‌ఎస్‌డీకి పెట్టేయండి. బిగించడానికి బ్రాకెట్టు లేకపోయినా పరవాలేదు, లోపల తిరిగేది ఏదీ లేదు కనక ఒక్క స్క్రూతో వేలాడినా, డబుల్ సైడ్ టేపుతో అంటించినా దానికేం కాదు.

గంటస్తంభం_డీటీపీ
బుధవారం, రాత్రి 8:40

క్లోన్ 37 శాతం దగ్గర ఆగిపోయింది. ఎర్రగా "రీడ్ ఫెయిల్డ్, 23, డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్" అంటోంది.

బొబ్బిలి_వీణ
బుధవారం, రాత్రి 8:52

ఆ 24 సెక్టార్లలో కొన్ని సీ డ్రైవులోనే ఉన్నాయన్నమాట. మ్యాక్రియమ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో "ఇగ్నోర్ బ్యాడ్ సెక్టార్స్" అని ఉంటుంది, టిక్కు పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. చదవలేని చోట ఖాళీ వదిలి ముందుకి పోతుంది. అయిపోయాక ఎస్‌ఎస్‌డీ నుంచి లేచి, అప్పుడు చెక్‌డిస్క్ కొట్టండి, విండోస్ ఫైళ్ళని సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కూడా. కొత్త డిస్కు మీద అయితే ఎంత తడిమినా ఇబ్బంది లేదు.

గంటస్తంభం_డీటీపీ
బుధవారం, రాత్రి 11:58

అయిపోయింది. పాత డిస్కు కేబులు తీసేసి స్విచ్చి వేశాను. విండోస్ బొమ్మ వచ్చింది, వెంటనే నీలం తెర, మళ్ళీ రీస్టార్టు, మళ్ళీ నీలం తెర. చివర్లో 7బీ అని కనబడుతోంది. ఎల్లుండి రెండు శుభలేఖల డెలివరీ ఉంది. ఇంటికెళ్ళి పడుకోనా, ఇక్కడే కూర్చోనా?

రాజాం_గుంటడు
గురువారం, అర్ధరాత్రి 12:04

అన్నా ఒక్క మాట. బయోస్‌లో ఏదైనా మార్చావేటి? యూట్యూబ్ చూసి ఐడీఈ తీసి ఏహెచ్‌సీఐ పెట్టీలేదు కదా? రెండూ బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతులు, ఒకటి పాతది, ఒకటి కొత్తది.

గంటస్తంభం_డీటీపీ
గురువారం, అర్ధరాత్రి 12:06

పెట్టాను 😟 ఎస్‌ఎస్‌డీకి అదే ఉండాలని ఒక వీడియోలో చెప్పారు.

రాజాం_గుంటడు
గురువారం, అర్ధరాత్రి 12:15

వీడియోవోడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. నీ విండోస్ 7 ఐడీఈలో ఉండగా వేసింది. అందుకని ఏహెచ్‌సీఐ డ్రైవరుని నిద్రపుచ్చేసుంటుంది. నువ్వు బయోస్‌లో తలుపు మార్చేశావు, విండోస్ లేచి చూసేసరికి డిస్కే కనబడదు, నీలం తెర. డేటాకేమీ అవ్వలేదు, కంగారుపడకు.

బయోస్‌లో మళ్ళీ ఐడీఈ పెట్టు. లేస్తుంది. లేచాక రన్‌లో రెజెడిట్ కొట్టు. లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, అందులో ఎమ్‌ఎస్‌ఏహెచ్‌సీఐ. కుడిపక్క "స్టార్ట్" దగ్గర 3 ఉంటుంది, దాన్ని 0 చెయ్. ఇంకేటీ ముట్టుకోకు. ఆపేసి, బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టి, స్విచ్చెయ్. డ్రైవరు అదే ఎక్కించుకుని ఇంకోసారి రీస్టార్టు అడుగుతుంది.

గంటస్తంభం_డీటీపీ
గురువారం, అర్ధరాత్రి 12:41

తమ్ముడూ!!! లేచింది!! నీ నోట్లో పంచదార పొయ్య!

రాజాం_గుంటడు
గురువారం, అర్ధరాత్రి 12:43

పంచదార వద్దన్నా, నా పెళ్ళికి శుభలేఖలు ఫ్రీగా కొట్టు చాలు. సంబంధం ఇంకా చూడలేదనుకో.

గంటస్తంభం_డీటీపీ
గురువారం, ఉదయం 11:00

చెక్‌డిస్క్, స్కాన్ రెండూ అయ్యాయి. స్కాన్ రెండు ఫైళ్ళు బాగుచేశానంది. వాచీ లెక్క: స్విచ్చి నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాపుకి 38 సెకన్లు. పేజ్‌మేకర్ చేతికి రావడానికి మొత్తం 1 నిమిషం 50 సెకన్లు. అగరొత్తి వెలిగించే టైము కూడా దొరకలేదు. వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో సెకనుకి 268 ఎంబీ వచ్చింది, నాగావళి గారు చెప్పిన గోడ దగ్గరే ఆగింది.

కానీ రెండు సంగతులు. పెద్ద ఫ్లెక్సీని ఫొటోషాప్‌లో సేవ్ చేయడం కొంచెమే తగ్గింది. పేజ్‌మేకర్ ఒక్కటే ఇంకా నిమిషం పైన తీసుకుంటోంది, ఎందుకు?

బొబ్బిలి_వీణ
గురువారం, ఉదయం 11:20

ఫ్లెక్సీ పని ప్రాసెసరుది, ర్యామ్‌ది. దానికి ఎస్‌ఎస్‌డీ ఏం చేయలేదు. పేజ్‌మేకర్ మాత్రం ఫాంట్లది. కంట్రోల్ ప్యానల్‌లో ఫాంట్స్ తెరిచి ఎన్నున్నాయో చూడండి.

గంటస్తంభం_డీటీపీ
గురువారం, ఉదయం 11:26

1,140.

బొబ్బిలి_వీణ
గురువారం, ఉదయం 11:31

అన్నయ్యా! అందులో మీరు వాడేవి ఓ అరవై ఉంటాయేమో. మిగతావి ఒక ఫోల్డరులోకి కాపీ తీసి ఇక్కడినుంచి తీసేయండి, కావలసినప్పుడు ఎక్కించుకోవచ్చు. విండోస్‌వి మాత్రం ముట్టుకోకండి.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. విండోస్ 7కి 2020 జనవరి 14 తర్వాత మామూలు వాడకందార్లకి భద్రతా అప్‌డేట్లు లేవు. క్రోమ్ కూడా దానికి 109వ వెర్షనుతో ఆపేసింది. వేగం వచ్చింది కదా అని ఇందులో బ్యాంకు, ఆన్‌లైను అప్లికేషన్లు పెట్టుకోకండి. వాళ్ళ ఆధార్ కాగితాలు మీ చేతిలో పెడతారు జనం. విండోస్ 10కి వెళదామన్నా దానికీ 2025 అక్టోబరు 14తో గడువు అయిపోయింది. 11 మీ ఐ3కి అధికారికంగా ఎక్కదు, 8వ తరం ప్రాసెసరు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది. నన్నడిగితే దీనికి నెట్ తీగే పీకేయండి. డీటీపీకి మాత్రమే వాడండి.

నెల్లిమర్ల_మిల్లు
గురువారం, ఉదయం 11:40

నెట్ పనికి ఇంకో పాత సీపీయూ సంపాదించి మింట్ వేస్తే ఎలా ఉంటుందంటారు? ఊరికే అడిగాను 🙂

గంటస్తంభం_డీటీపీ
గురువారం, మధ్యాహ్నం 12:15

ఈసారి మీ మాట వింటాను. మా బావమరిది దగ్గర ఒకటి మూలపడి ఉంది. ఆదివారం ఖాళీయా?

నెల్లిమర్ల_మిల్లు
గురువారం, మధ్యాహ్నం 12:16

పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేస్తాను.

పలాస_జీడి
గురువారం, సాయంత్రం 5:20

ఒక డవుటు. నానూ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని శనివారం కాపీ తీసి అటకమీద పెట్టీయొచ్చా? హార్డ్ డిస్కు కింద పడితే పోతాది కదా, ఇది పోదు.

నాగావళి_ఒడ్డు
గురువారం, సాయంత్రం 6:05

కింద పడితే పోదు నిజమే. కానీ ఎస్‌ఎస్‌డీలో రాత అంటే గదుల్లో బంధించిన విద్యుదావేశం. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి పడుంటే అది మెల్లగా కారిపోవచ్చు. అటక మీద వేడి, అది ఇంకా త్వరపెడుతుంది. వారం వారం తగిలిస్తారు కనక మీకు భయం లేదు. తీసి పెట్టి మర్చిపోయే కాపీకి మాత్రం హార్డ్ డిస్కే మేలు, గుడ్డలో చుట్టి పెట్టండి.

గంటస్తంభం గారూ, ఆ పాత డిస్కు ఏం చేశారు?

గంటస్తంభం_డీటీపీ
గురువారం, రాత్రి 7:30

తీసేసి, పైన తేదీ రాసి, బల్ల సొరుగులో పెట్టాను. రెండు నెలలు ఆగి పారేద్దామని. ఏదైనా ఫైలు మర్చిపోయుంటే ఒక్కసారికి లేస్తుందేమోనన్న ఆశ.

అన్నట్టు స్విచ్చి తీసి వేసినప్పుడల్లా తేదీ 2012 జనవరి 1కి పోతోంది. ఇదీ ఎస్‌ఎస్‌డీ వల్లేనా?

నాగావళి_ఒడ్డు
గురువారం, రాత్రి 7:34

బోర్డు మీద బటన్ సెల్లు అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. మార్చాక బయోస్‌లోకి వెళ్ళి ఏహెచ్‌సీఐ ఉందో లేదో చూడండి. సెల్లు తీస్తే సెట్టింగులు మొదటికొస్తాయి, మళ్ళీ అర్ధరాత్రి మమ్మల్ని లేపుతారు.

గంటస్తంభం_డీటీపీ
శుక్రవారం, ఉదయం 9:50

వేశాను, చూశాను, ఏహెచ్‌సీఐ ఐడీఈకి పోయింది, మళ్ళీ మార్చాను. రెండు శుభలేఖలూ ప్రెస్సుకి పంపించేశాను. 1,140 ఫాంట్లలో 900 తీసేశాను, పేజ్‌మేకర్ 14 సెకన్లు.

రాజాం_గుంటడు
శుక్రవారం, ఉదయం 9:58

ఆ 900లో నా పెళ్ళి కార్డు ఫాంటు లేదు కదా?